ఖాళీ సీసాకు వెల కట్టడం ఎలా?

మూడు రంగుల డబ్బాలు పెట్టారు. ఏది దేనిలో వేయాలో బొమ్మలు గీసి మరీ అంటించారు. మొదటి వారం అందరూ ఉత్సాహంగా వేరు చేశారు. నెల తిరిగేసరికి కాగితాల డబ్బాలో మిగిలిపోయిన అన్నం, సీసాల డబ్బాలో తడిసిన గుడ్డలు. ఇక సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "నాలుగు డబ్బులిచ్చి చూడండి, వాళ్లే చేస్తారు."

ఆ మాటలో సగం నిజముంది. రీసైక్లింగ్‌కు డబ్బు ఆశ చూపే పథకాలు కొన్నిచోట్ల నూటికి తొంభై సీసాలను వెనక్కి రప్పించాయి. మరికొన్నిచోట్ల ఉన్న కాస్త శ్రద్ధనూ పోగొట్టాయి. తేడా ఇచ్చే మొత్తంలో కంటే పద్ధతిలో ఎక్కువగా ఉంది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది, దేనికి ఇస్తున్నారు, ఎంత త్వరగా చేతికందుతోంది అన్నవి ముందుగా తేల్చుకోవాలి.

నేనొక నివాస సముదాయంలో ఇలాంటి పథకం రెండుసార్లు నడిపాను. మొదటిది మూడు నెలల్లోనే మూతబడింది. రెండోది ఇంకా నడుస్తోంది. కింద రాసినదాంట్లో చాలా భాగం ఆ మొదటిది నేర్పిన పాఠమే.

1. డబ్బు మాట ఎత్తకముందు చెత్త తూచండి

ఒక వారం పాటు మీ దగ్గర పోగయ్యే చెత్తను పారేయకుండా ఒకచోట పరిచి, రకాలుగా విడదీసి, కాటా వేయించండి. మందపాటి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, మొత్తం పరచడానికి ఒక పెద్ద పట్టా ఉంటే చాలు. కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, లోహపు డబ్బాలు, గాజు, తడి చెత్త, ఇక దేనికీ పనికిరానిది అని ఏడు వరుసలు గీసి రాసుకోండి. ఇది వాసన కొట్టే పని. ఎవరూ ముందుకు రారు. మీరే చేయాల్సి వస్తుంది. అయినా మానవద్దు. ఈ లెక్క లేకుండా మొదలుపెడితే ఆరు నెలల తర్వాత పథకం పనిచేసిందా లేదా అన్నది మీకే తెలియదు. బాగా మాట్లాడేవారు ఏదంటే అదే ఫలితంగా మిగులుతుంది.

తర్వాత ఓ ఇరవై మందిని మెల్లగా అడగండి, వేరు చేయకపోవడానికి కారణమేమిటని. సాధారణంగా మూడు రకాల జవాబులు వస్తాయి. ఏది ఎక్కడ వేయాలో తెలియదు. డబ్బా దూరం. నాకెందుకు. వీటిలో డబ్బు నయం చేయగలిగింది మూడోదాన్ని మాత్రమే. మొదటిదానికి స్పష్టమైన బొమ్మ చాలు. రెండోదానికి డబ్బాను మామూలు చెత్తకుండీ పక్కకు జరిపితే చాలు. నా మొదటి పథకంలో రీసైక్లింగ్ డబ్బా వాహనాలు నిలిపే చోటు చివర ఉండేది, చెత్తకుండీ లిఫ్టు పక్కన ఉండేది. మెట్లు దిగి అంతదూరం నడవడానికి నేనిచ్చే బహుమతి ఏ మూలకూ సరిపోలేదు. డబ్బాను లిఫ్టు దగ్గరకు మార్చిన రోజునుంచి పైసా ఖర్చు లేకుండానే వచ్చే సరుకు పెరిగింది. ఆ పని ముందే చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే దారి సుగమం చేశాక మిగిలిన నిర్లక్ష్యానికి మాత్రమే డబ్బు వాడండి.

2. కొనేవాళ్లు ఉన్న సరుకు ఏదో కనుక్కోండి

చెత్తలో ప్రతి వస్తువుకూ ఒకే విలువ ఉండదు. అల్యూమినియం డబ్బాలు రాజు లాంటివి. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తీయడంతో పోలిస్తే పాతదాన్ని కరిగించి వాడితే దాదాపు 95 శాతం విద్యుత్తు ఆదా అవుతుంది. అందుకే దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పొడిగా ఉన్న అట్టపెట్టెలు, రంగులేని ప్లాస్టిక్ సీసాలు తర్వాతి వరుసలోవి. గాజు బరువెక్కువ, ధర తక్కువ. రవాణా ఖర్చే దాని విలువను తినేస్తుంది. ప్లాస్టిక్, రేకు పొరలు కలిపి అతికించిన తళతళలాడే పొట్లాలను కొనేవాళ్లు దొరకడం కష్టం.

తుక్కు కొనేవారితో మాట్లాడి ఐదు విషయాలు తేల్చుకోండి. ఏ రకాలు తీసుకుంటారు? ఎంత శుభ్రంగా ఉండాలి? ఒకసారి రావడానికి కనీసం ఎంత సరుకు ఉండాలి? బండి ఖర్చు ఎవరిది? ధర మారితే ఎన్ని రోజుల ముందు చెబుతారు?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. చైనా 2018 జనవరిలో ఇతర దేశాల నుంచి వచ్చే అనేక రకాల వ్యర్థాల దిగుమతిని ఆపేసినప్పుడు, అంతవరకు కాగితాలు అమ్ముకుని ఆదాయం పొందిన ఎన్నో పట్టణాలు ఎదురు డబ్బు చెల్లించి వాటిని పంపించాల్సి వచ్చింది. కాబట్టి "అమ్మగా వచ్చినదంతా మీకే పంచుతాం" అని ఎన్నడూ మాట ఇవ్వవద్దు. ధర పడిపోయిన నెలలో మీ మాట కూడా పడిపోతుంది. ఒక స్థిరమైన మొత్తం ప్రకటించండి, ధర బాగున్న నెలల్లో మిగిలినదాన్ని నిల్వ ఉంచుకోండి.

మొదట ఒకటి రెండు సరుకులతోనే ప్రారంభించండి. అన్నింటికీ ఒకేసారి వెల కడితే మీ కాటా దగ్గర కూర్చునే మనిషికి పిచ్చెక్కుతుంది.

3. పద్ధతి ఎంచుకోండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. "ప్రోత్సాహం" అనగానే బహుమతి గుర్తుకొస్తుంది. నిజానికి బహుమతి ఇందులో అతి బలహీనమైన ఆయుధం. నాలుగు మార్గాలున్నాయి. అవి ఒకదానికొకటి సమానమైనవి కావు.

*జమానతు.* వస్తువు కొన్నప్పుడే సీసాకో డబ్బాకో కొంత అదనంగా తీసుకుని, ఖాళీది తెచ్చి ఇస్తే ఆ మొత్తం తిరిగి ఇవ్వడం. మీకు వీలుంటే మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకోండి. ఇందులో మీరు ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. వాళ్ల డబ్బును వాళ్లకే తిరిగి ఇస్తున్నారు. కానీ మనిషి మనసులో పోగొట్టుకున్న పది, దొరికిన పది కంటే పెద్దది. డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో ఈ స్వభావాన్ని సిద్ధాంతంగా వివరించారు. అమెరికాలోని వాషింగ్టన్ ప్రాంతంలో దీనికి చక్కని ఉదాహరణ దొరికింది. కొన్ని దుకాణాలు సొంత సంచి తెచ్చుకున్నవారికి 5 సెంట్లు బహుమతిగా ఇచ్చేవి. తర్వాత ప్రభుత్వం దుకాణంలో సంచి తీసుకునేవారి మీద 5 సెంట్ల పన్ను వేసింది. మొత్తం ఒకటే. టటియానా హొమొనాఫ్ అనే ఆర్థికవేత్త 2018లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పన్ను వల్ల అలాంటి సంచుల వాడకం 40 శాతం పాయింట్లకు పైగా తగ్గింది. బహుమతి వల్ల దాదాపు ఏ మార్పూ రాలేదు.

దేశాల స్థాయిలో జమానతు ఫలితాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. జర్మనీ 2003 నుంచి ఒకసారి వాడి పారేసే సీసాలకు, డబ్బాలకు 25 సెంట్ల (యూరోలో పావు వంతు) జమానతు అమలు చేస్తోంది. అక్కడ అలాంటివి నూటికి 95కు పైగా వెనక్కి వస్తాయి. ఐరోపాలోనే ఉన్న లిథువేనియా 2016లో 10 సెంట్లతో మొదలుపెట్టి, రెండేళ్లు తిరగకుండానే 90 శాతం దాటింది.

చిన్న స్థాయిలో ఇది అసాధ్యమని అనుకోవద్దు. మీ కార్యాలయ భోజనశాలలో కాగితపు కప్పుల బదులు జమానతు మీద గట్టి కప్పులు ఇవ్వవచ్చు. పెద్ద సభలకు, పోటీలకు పానీయాలు అమ్మేటప్పుడు గ్లాసుకు జమానతు తీసుకోవచ్చు. కార్యక్రమం ముగిశాక మైదానం చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ఒక్క షరతు: అమ్మే చోటు మీ అధీనంలో ఉండాలి. బయట ఎక్కడో కొన్న సీసాకు మీరు జమానతు తిరిగి ఇవ్వలేరు.

*పారేసినంత చెల్లించడం.* మామూలు చెత్తకు పరిమాణాన్ని బట్టి రుసుము వసూలు చేసి, వేరు చేసినదాన్ని ఉచితంగా తీసుకోవడం. దక్షిణ కొరియా 1995లో దేశమంతటా ఈ పద్ధతి తెచ్చింది. చెత్త వేయడానికి నిర్ణీత సంచులు కొనుక్కోవాలి, రీసైక్లింగ్ సరుకు మాత్రం ఊరికే తీసుకుంటారు. తైవాన్ రాజధాని తైపేయి 2000లో ఇదే బాట పట్టింది. బాగా పనిచేసే పద్ధతే, కానీ మొరటుది. అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో సంచికి ఇంత అని వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు ఆర్థికవేత్తలు ఫులర్టన్, కినమన్ ఇళ్ల చెత్తను తూచి చూశారు. సంచుల పరిమాణం 37 శాతం తగ్గింది. బరువు తగ్గింది 14 శాతమే! జనం చెత్తను కాలితో తొక్కి కుక్కేశారన్నమాట. కొంత చెత్త రహస్యంగా వేరేచోట పడేసి ఉంటారని కూడా వాళ్లు అంచనా వేశారు. ఈ దారి ఎంచుకుంటే మూడు జాగ్రత్తలు. ఉచిత రీసైక్లింగ్ సదుపాయం రుసుముకంటే ముందే సిద్ధంగా ఉండాలి. చీకటి మూలల్లో నిఘా ఉండాలి. పసిపిల్లలు, మంచాన పడిన రోగులు ఉన్న ఇళ్లకు మినహాయింపు ఉండాలి, వాళ్ల చెత్త వాళ్ల తప్పు కాదు.

*నేరుగా బహుమతి.* కిలోకు ఇంత, సంచికి ఇంత అని ఇవ్వడం. కొనుగోళ్ల మీద గానీ, చెత్త రుసుము మీద గానీ మీకు ఏ అధికారమూ లేకపోతే మిగిలేది ఇదే. తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు, దీన్ని కూడా సరిగా నడపవచ్చు. ఎలాగో తర్వాతి మెట్లలో చెబుతాను. ఒక్క సూచన మాత్రం ఇప్పుడే: వీలైతే దాన్ని పోగొట్టుకునే డబ్బుగా మార్చండి. నెలసరి నిర్వహణ రుసుమును కాస్త పెంచి, "వేరు చేసిన ఇంటికి ఇంత తగ్గింపు" అని బిల్లులో ప్రత్యేక వరుసగా చూపండి. వేరు చేయని నెలలో ఆ వరుసలో సున్నా కనిపించాలి. సున్నా చూసినవారు వచ్చే నెల ఊరుకోరు.

*లాటరీ.* ఒక్కొక్కరికి ఇవ్వగలిగింది మరీ చిన్న మొత్తమైతే దాన్ని పంచే బదులు పోగుచేసి ఒకరిద్దరికి ఇవ్వడం. నార్వేలో సీసాలు వెనక్కి తీసుకునే యంత్రం దగ్గర రెండు మీటలుంటాయి. జమానతు తీసుకోవచ్చు, లేదా ఆ మొత్తంతో లాటరీలో పాల్గొనవచ్చు. దాని ఆదాయంలో రెడ్ క్రాస్ వంటి సేవాసంస్థలకూ వాటా ఉంది. అరుదైన అదృష్టాన్ని ఉన్నదానికంటే పెద్దగా ఊహించుకోవడం మనిషి లక్షణం కాబట్టి ఇది పనిచేస్తుంది. అయితే లాటరీల మీద చాలాచోట్ల చట్టపరమైన ఆంక్షలున్నాయి. ముందుగా తెలుసుకోకుండా చీటీలు తీయవద్దు.

4. ఎంత ఇవ్వాలో లెక్క కట్టండి

ముందు మీకెంత మిగులుతుందో చూడండి. కిలో చెత్తను తరలించడానికి మీకు 10 పాళ్లు (ఒక పాలు అంటే మీ లెక్కకు వీలైన ఏ చిన్న మొత్తమైనా అనుకోండి) ఖర్చవుతోందని అనుకుందాం. అదే కిలోను వేరు చేసి అమ్మితే 15 పాళ్లు వస్తాయి. అంటే మొత్తం లాభం 25. తూచి, నిల్వ చేసి, బండికి ఎత్తడానికి 12 పోతే మిగిలేది 13.

"అయితే కిలోకు 10 ఇచ్చేద్దాం, మూడు మిగులుతాయి" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మునిగాను. పథకానికి ముందే కొందరు మంచివాళ్లు వేరు చేసి ఇస్తూనే ఉన్నారు కదా! మొదటి మెట్టులో తూచినప్పుడు నెలకు 40 కిలోలు వచ్చాయనుకోండి. పథకం పెట్టాక 60 అయింది. కొత్తగా వచ్చింది 20 కిలోలే, కాబట్టి మీ కొత్త లాభం 20 సార్లు 13, అంటే 260. కానీ మీరు చెల్లించాల్సింది మొత్తం 60 కిలోలకు. కిలోకు 10 చొప్పున 600. ఎక్కడి 260, ఎక్కడి 600? ఈ లెక్కలో కిలోకు 4 పాళ్లు దాటి ఇస్తే చేతి చమురు వదిలినట్టే. బహుమతి పథకాలు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. ఇప్పటికే చేస్తున్నవారికి చెల్లించడంతోనే సొమ్మంతా అయిపోతుంది.

జమానతులో ఈ ఇబ్బంది లేదు. వెయ్యి సీసాలు అమ్మి ఒక్కోదానికి 2 పాళ్లు తీసుకుంటే 2,000 చేరుతుంది. 850 తిరిగి వస్తే 1,700 ఇచ్చేస్తారు, 300 మీ దగ్గరే ఉంటుంది. దీన్ని చూసి సంబరపడి, ఆ మిగులు మీదే జీతాలు ఇవ్వాలని లెక్క వేసుకోవద్దు. పథకం ఎంత బాగా నడిస్తే ఆ మిగులు అంత కరిగిపోతుంది. అప్పుడు మీ నిర్వాహకులకు సీసాలు రాకుండా ఉంటేనే బాగుండునన్న దుర్బుద్ధి పుట్టవచ్చు.

మొత్తం మరీ చిన్నదైతే ఏమవుతుంది? యూరి నీజి, ఆల్డో రస్టికీని అనే ఆర్థికవేత్తలు 2000 సంవత్సరంలో ప్రచురించిన ప్రయోగాల్లో, కాస్త డబ్బు ఇచ్చినవారు ఏమీ ఇవ్వనివారికంటే తక్కువ పని చేశారు. మంచిపని అనుకుని చేస్తున్నదానికి నామమాత్రపు కూలీ కడితే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. ఇస్తే ఇచ్చినట్టుండాలి. లేకపోతే డబ్బు ఊసు ఎత్తకుండా కృతజ్ఞత చెప్పడం మేలు. పై లెక్క ప్రకారం మీరు ఇవ్వగలిగింది వంగి తీసుకోవడానికి కూడా చాలదనిపిస్తే లాటరీకి మళ్లండి. లేదా ఆ మొత్తాన్ని అందరికీ కనిపించే ఉమ్మడి అవసరానికి పెట్టండి. పిల్లలు ఆడుకునే చోట ఊయల, చదువుకునే గదిలో పుస్తకాల అల్మారా. ఎవరి డబ్బుతో వచ్చిందో దాని మీద రాయించండి.

మొత్తాన్ని ఒకసారి నిర్ణయించి మరచిపోవడమూ తప్పే. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 1971లో సీసాల జమానతు చట్టం చేసి 5 సెంట్లు పెట్టింది. దశాబ్దాలు గడిచేసరికి అదే 5 సెంట్లకు విలువ లేకుండా పోయింది. ఖాళీల రాక నూటికి అరవై పైచిలుకుకు జారింది. అదృష్టవశాత్తు, వరుసగా రెండేళ్లు 80 శాతం కంటే తగ్గితే జమానతు పెంచాలని అక్కడి చట్టంలో నిబంధన ఉంది. 2017 ఏప్రిల్‌లో దాన్ని 10 సెంట్లు చేశారు, ఖాళీల రాక మళ్లీ 80 శాతం దాటింది. మీ నియమాల్లో కూడా అలాంటి వాక్యం ఒకటి మొదటిరోజే రాసి పెట్టండి. ఫలానా స్థాయికి తగ్గితే మొత్తం పెరుగుతుంది అని. అప్పుడు పెంచిన ప్రతిసారీ సమావేశంలో కొట్లాట ఉండదు.

5. దేనికి చెల్లిస్తున్నారో జాగ్రత్తగా రాసుకోండి

డబ్బు దేని మీద పెడితే అదే పెరుగుతుంది. మీరు కోరుకున్నది పెరుగుతుందన్న హామీ లేదు.

నా మొదటి పథకంలో పాత కాగితాలకు కిలో లెక్కన చెల్లించాను. రెండో నెలలో కాగితాల బరువు అమాంతం పెరిగింది. మురిసిపోయాను. తీరా తుక్కు కొనేవాళ్లు వచ్చి కట్ట విప్పితే లోపల తడి! ఎవరో నీళ్లు చిలకరించి కట్టారు. ఒక కట్టలో ఇటుక ముక్క కూడా దొరికింది. తడిసిన కాగితం మొత్తం లోడునే పాడుచేసింది. ఆ నెల నేను జనానికి చెల్లించాను, తుక్కువాళ్లు నాకు ఏమీ చెల్లించలేదు.

బరువుకు కాకుండా ఒక్కోదానికి ఇంత అని చెల్లిస్తే మరో రకం చిక్కు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జమానతు 10 సెంట్లు. చుట్టుపక్కల కొన్ని రాష్ట్రాల్లో అసలు జమానతే లేదు. దాంతో పొరుగు రాష్ట్రాల నుంచి ఖాళీ డబ్బాలు బండ్లకెక్కించి తెచ్చేవారు తయారయ్యారు. దాన్ని నేరంగా ప్రకటించాల్సి వచ్చింది. మీ స్థాయిలో కూడా ఇదే జరుగుతుంది. ఒకతను తన దుకాణంలోని అట్టపెట్టెలన్నీ ఇంటి ఖాతాలో వేయించుకోవడం నేను చూశాను.

కాబట్టి తూకానికి కాకుండా తీరుకు చెల్లించండి. వారంలో ఏదో ఒక రోజు, ఏ రోజో ముందు చెప్పకుండా, ప్రతి ఇంటి సంచీని తెరిచి చూడండి. పొడిగా, శుభ్రంగా, కలగాపులగం లేకుండా ఉంటే పూర్తి మొత్తం. కొంచెం తేడా ఉంటే సగం, ఏం తేడానో చెప్పే చీటీ. లేకపోతే సున్నా. దీనివల్ల ఇంకో మేలు ఉంది. బరువుకో సంఖ్యకో చెల్లిస్తే ఎక్కువ సీసాలు కొన్నవారికి ఎక్కువ బహుమతి వస్తుంది. అసలు సీసా నీళ్లే కొననివారికి ఏమీ రాదు. తీరుకు చెల్లిస్తే ఆ అన్యాయం ఉండదు. జమానతు పెట్టినచోట సీసా మీద మీ గుర్తు అతికించండి. గుర్తు లేనిదాన్ని తీసుకోండి గానీ డబ్బు ఇవ్వవద్దు.

6. చేతిలో పెట్టండి, వెంటనే

ఏడాది చివర ఇచ్చే పెద్ద బహుమతి కంటే ఈరోజు ఇచ్చే చిన్న మొత్తం బలమైనది. సీసా ఒక చేత్తో ఇస్తే డబ్బు మరో చేతికి రావాలి. జర్మనీలో సీసా అమ్మే దుకాణాలే ఖాళీది వెనక్కి తీసుకోవాలన్న నియమం ఉంది. కొనడానికి ఎలాగూ వెళ్లాలి కాబట్టి ఇచ్చి రావడం వేరే ప్రయాణం కాదు. మీరు కూడా జనం రోజూ నడిచే దారిలోనే బల్ల వేయండి.

పాయింట్లు, వాటిని ఫోనులో లెక్కపెట్టే ఏర్పాట్లు, ఫలానా దుకాణంలో మాత్రమే చెల్లే కూపన్లు మొదట్లో ఆకర్షణీయంగా ఉంటాయి. కానీ ఫోను వాడటం రాని పెద్దవారిని అవి మొదటిరోజే గేటు బయట నిలబెడతాయి. నేనైతే రొక్కమో, బిల్లులో తగ్గింపో ఇవ్వమంటాను.

7. ఇప్పటికే ఆ చెత్త మీద బతుకుతున్నవారిని అడగండి

ఈ మెట్టును దాదాపు అందరూ మరచిపోతారు. మీ దగ్గర ఊడ్చి శుభ్రం చేసేవారు, చెత్త ఏరుకునేవారు ఇప్పటికే అట్టపెట్టెలు, సీసాలు తీసి అమ్ముకుంటూ ఉండవచ్చు. అది వాళ్ల ఆదాయంలో భాగం. మీరు వచ్చి ఇళ్లవాళ్లకు బహుమతి ప్రకటించగానే ఆ ఆదాయం మాయమవుతుంది. పర్యావరణం పేరు చెప్పి పేదవాడి జేబులోంచి తీసి ఉన్నవారి జేబులో వేసినట్టవుతుంది. పైగా మీ పథకం రోజువారీగా నడవాల్సింది వాళ్ల చేతుల మీదుగానే. వాళ్లకు కడుపు మండితే డబ్బాలు మళ్లీ కలిసిపోవడానికి ఒక్క పూట చాలు.

వాళ్లతో ముందే కూర్చోండి. తూచే పని, తనిఖీ పని వాళ్లకే అప్పగించి కూలీ కట్టండి, లేదా అమ్మిన సొమ్ములో వాటా రాసివ్వండి. నా రెండో పథకం నిలబడటానికి ఇదే ముఖ్య కారణం. ఏ ఇంటి సంచిలో ఏముంటుందో వాళ్లకు తెలిసినంతగా నాకు ఎప్పటికీ తెలియదు. జర్మనీలో జమానతు సీసాలు ఏరుకునేవారి కోసం చాలామంది ఖాళీలను చెత్తబుట్టలో పడేయకుండా దాని పక్కన నిలబెట్టి వెళతారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో చెత్తకుండీలకు సీసాలు పెట్టేందుకు చిన్న అరలు అమర్చారు. కుండీలో చేయి పెట్టి వెతికే అవసరం లేకుండా చేసే చిన్న ఏర్పాటు అది. మీరు కూడా అలాంటి అర ఒకటి బిగించవచ్చు.

8. సగంలో మొదలుపెట్టి చూడండి

రెండు భవనాలుంటే ఒకదానిలో మాత్రమే పథకం పెట్టండి. రెండు తరగతులుంటే ఒకదానిలోనే. మూడు నెలలు రెండుచోట్లా తూచండి. పండుగ రోజుల్లో, సెలవుల్లో చెత్త తీరే మారిపోతుంది. పోల్చడానికి పథకం లేని భవనం పక్కనే లేకపోతే ఆ మార్పును మీ ఘనతగా పొరబడతారు. ఎంతమంది చేరారు అన్నదానికంటే, వేరు చేసిన డబ్బాలో తప్పు సరుకు ఎంత శాతం ఉంది అన్నదాన్ని ఎక్కువగా పట్టించుకోండి. చేరడం తేలిక.

9. ఆపే తేదీ ముందే చెప్పండి

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద నీజి, రస్టికీని మరో పరిశీలన చేశారు. సాయంత్రం ఆలస్యంగా వచ్చి పిల్లలను తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవారు తగ్గలేదు, పెరిగారు. అంతవరకు మొహమాటంగా ఉన్నది ఇప్పుడు డబ్బు కట్టి కొనుక్కునే సేవ అయిపోయింది. ఇంకా విచిత్రమేమిటంటే, జరిమానా ఎత్తేసిన తర్వాత కూడా ఆలస్యాలు పాత స్థాయికి రాలేదు. ఒకసారి వెల కట్టిన పనికి మళ్లీ వెల లేదని చెబితే ఎవరూ నమ్మరు.

అందువల్ల బహుమతి పథకం పెడుతుంటే మొదటి ప్రకటనలోనే రాయండి: "ఈ తగ్గింపు ఆరు నెలల పాటు. తర్వాత వచ్చే ఆదాయం ఉమ్మడి నిధికి వెళుతుంది." అకస్మాత్తుగా ఆపిన బహుమతి జనానికి కోతలా కనిపిస్తుంది. ముందే చెప్పి ఆపితే ఒప్పందం పూర్తయినట్టు ఉంటుంది. ఆ ఆరు నెలల్లో చేతులకు అలవాటు కావాలి. డబ్బాలు లిఫ్టు పక్కనే ఉండాలి, చీటీలు రావడం ఆగకూడదు, తనిఖీ చేసేవారి కూలీ మాత్రం ఎప్పటికీ ఆపవద్దు.

జమానతుకు ఈ బాధ లేదు, ఆపే తేదీ అవసరమే లేదు. కాకపోతే ఎవరూ తీసుకోని జమానతుల ఖాతాను మూడు నెలలకోసారి గోడకు అంటించండి. ఎంత చేరింది, ఎంత తిరిగి ఇచ్చాం, మిగిలినది దేనికి వాడాం అని మూడే వరుసలు. నార్వేలో పానీయాల సీసాలు, డబ్బాల మీద కంపెనీలకు వేసే పర్యావరణ పన్ను, ఖాళీలు వెనక్కి వచ్చే శాతం పెరిగేకొద్దీ తగ్గుతూ 95 శాతం దగ్గర పూర్తిగా రద్దవుతుంది. అక్కడి కంపెనీలకు సీసా తిరిగి రావడమే లాభం. మీ భోజనశాల నడిపేవారికి కూడా అలాంటి మెలిక ఒకటి పెట్టండి. తిరిగి వచ్చిన ప్రతి కప్పుకు వాళ్లకూ కొంచెం ముట్టేలా చేయండి. లేకపోతే కప్పు తెచ్చినవారికి "చిల్లర లేదు, తర్వాత రండి" అన్న జవాబే దొరుకుతుంది.